సున్నా నుంచి మొదలు

'నూనె కవళ్ళు' అన్న చేప పేరుకు కింద ఒత్తు తెగిపోయింది. తాతబాబు కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, కంప్యూటర్ తెరకు జానెడు దూరంలోకి ముఖం తెచ్చి మళ్ళీ చూశాడు. నిజమే. ళకారం కింద వేలాడాల్సిన ఒత్తు గ్రాఫు బొమ్మ అంచు దాటి ఎటో పోయి, 'నూనె కవళు' అని మిగిలింది. పక్కనున్న 'నెత్తళ్ళు'దీ అదే గతి. 'కానాగడతలు' మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దానికి కిందికి వేలాడేదేమీ లేదు మరి.

అతను తొందరపడలేదు. ప్రోగ్రాంలో పదిహేడో వరుసకు వెళ్ళి, కింది మార్జిన్ 0.10 అని ఉన్నచోట 0.16 అని కొట్టాడు. రెండు చూపుడు వేళ్ళతోనే కొడతాడు. మిగిలిన వేళ్ళు ఆ రెంటి పని చూస్తున్నట్టు వంగి ఉంటాయి. మళ్ళీ నడిపిస్తే ఈసారి ఒత్తులు వచ్చాయి గానీ, కింద చోటు పెరిగినందుకు పైన ఇరుకైంది. అన్నిటికన్నా పొడుగాటి నిలువు కమ్మీ, కానాగడతలది, దాని నెత్తిన రాసిన 92 అన్న అంకె పోయి పై గీతకు గుద్దుకుంది. తొంభై ఐదు దగ్గర ఆగిపోతున్న నిలువు స్కేలును నూరు దాకా లాగాడు. అంకెకు ఊపిరాడింది.

"అద్దీ" అనుకున్నాడు పైకే.

ఇంగ్లీషు అక్షరాలకు కిందికి దిగే పని తక్కువ. ఈ ప్రోగ్రాం రాసినవాళ్ళు ఆ అక్షరాల కొలతకే అంచులు పెట్టారు. తెలుగు అక్షరం అలా కాదు. పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము, దానికి ఇల్లూ వాకిలీ దొడ్డీ అన్నీ ఉండాలి. పదమూడేళ్ళుగా తాతబాబు చేస్తున్న పని ఆ దొడ్డికి చోటు అడిగి ఇప్పించడమే.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నడిచేటప్పుడు కాస్త ఎడమకు ఒరుగుతాడు. జాలారిపేటలో పుట్టాడు. తండ్రి తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. పన్నెండో ఏట తెప్ప తిరగబడి నీళ్ళలో పడ్డప్పుడు తాతబాబు చెవి పాడయింది. ఆ తర్వాత అల మీద కాలు పెడితే చాలు, ఆకాశం, నీళ్ళు ఒకటై గిర్రున తిరిగేవి. సముద్రానికి పనికిరాని కొడుకును ఏం చేసుకోవాలో తండ్రికి తెలియలేదు. బడిలో లెక్కల మాస్టారికి తెలిసింది. స్కేలు లేకుండా వీడు గీత గీస్తే స్కేలు పెట్టి గీసినట్టే ఉంటోందని ఆయన గమనించాడు.

ఫిషింగ్ హార్బర్ పక్కనున్న చేపల లెక్కల ఆఫీసులో ఇరవై రెండో ఏట బొమ్మలు గీసే పనికి చేరాడు. రోజూ ఎన్ని పడవలు వచ్చాయి, ఏ చేప ఎంత దిగింది అని జెట్టీ మీద రాసుకున్న అంకెలను గ్రాఫు కాగితం మీద నల్ల సిరాతో కమ్మీలుగా నిలబెట్టడం, వాటికి రంగులు వేయడం. అదే పని. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చిన ఏడు, ఇక తాతబాబు పని అయిపోయిందని అందరూ అన్నారు. అతనూ అనుకున్నాడు. కానీ వచ్చిన కంప్యూటర్ గీసిన మొదటి బొమ్మలో చందువ చేప పేరు సగం కోసుకుపోయింది. అది చూసి ఊరుకోలేక, ఆ పేరును ఎలా బయటికి లాగాలో నేర్చుకోవడానికి కూర్చున్నవాడు అలాగే కూర్చుండిపోయాడు. ఆ విద్యలో అతనికి వచ్చింది కమ్మీలు నిలబెట్టడం ఒక్కటే. గుండ్రటి బొమ్మలు రావు, మెలికల గీతలు రావు. రావాలన్న కోరికా లేదు. ఉద్యోగం పర్మనెంటు అయిందీ లేదు, పోయిందీ లేదు.

మధ్యాహ్నం టిఫిన్ గిన్నె మూత తీస్తే గులివింద చేపల పులుసు వాసన గదంతా పాకింది. భార్య కాసులమ్మ తెల్లారగట్ల జెట్టీ మీద వేలం పాట పాడుకుని తెచ్చిన చేపల్లో ఇంటికని నాలుగు పక్కన పెడుతుంది. మిగిలినవి గంపకెత్తుకుని కాలనీల్లో అమ్ముతుంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఒక్కసారే ఆఫీసు లోపలికి వచ్చి అతని పని చూసింది. తెర మీది కమ్మీలను కాసేపు చూసి, "నాను గంపలో మోసేది నువ్వు పెట్లో మోత్తన్నావు" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ మాట తలచుకుంటే అతనికి ఇప్పటికీ ఛాతీ కొంచెం వెడల్పయినట్టు ఉంటుంది. ఒక్కతే కూతురు సూర్యకళ పద్మనాభంలో బడి పంతులమ్మ. పిల్లలకు కమ్మీల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఫోను చేసి నాన్నను అడుగుతుంది.

గిన్నె కడుక్కుని వచ్చేసరికి కీర్తన అతని కుర్చీ పక్కన నిలబడి తెర చూస్తోంది. ఆఫీసరుగా వచ్చి నాలుగు నెలలైంది. ముప్పై నిండలేదు. స్టీల్ టౌన్‌షిప్‌లో పెరిగిన పిల్ల, తాతలది గోదావరి జిల్లా. ఎవరినైనా గారూ అనే పిలుస్తుంది.

"తాతబాబు గారూ, చాలా నీట్‌గా వచ్చింది. ఒక్కటే ఇబ్బంది. కమ్మీలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. కవళ్ళు పోయినేడు ఎనభై ఒకటి, ఈయేడు డెబ్బయ్యేడు. నాలుగు టన్నులు తగ్గాయన్నది కంటికి ఆనడం లేదు. స్కేలు సున్నా నుంచి కాకుండా డెబ్బై నుంచి మొదలుపెడితే తేడా బాగా తెలుస్తుంది కదా. రేపు రుషికొండలో పై అధికారుల మీటింగుకు అదే పట్టుకెళ్తాను, ఈ సాయంత్రం హార్బర్ గోడ మీద కూడా అదే పెట్టేద్దాం."

అది చిన్న పని. నిలువు స్కేలు వరుసలో సున్నా చెరిపి డెబ్బై కొట్టాలి. తాతబాబు వేలు ఆ వరుస దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

పోయిన ఆగస్టులో ఇదే కుర్చీలో, ఇదే వరుసలో, ఆగకుండా కొట్టాడు. అప్పటి ఆఫీసరు తిరుమలరావు వెనక నిలబడి, "తేడా కనబడాలయ్యా, లేకపోతే బొమ్మెందుకు" అన్నాడు. అంతకు ముందేడు తొంభై, ఆ ఏడు ఎనభై ఒకటి. స్కేలు డెబ్బయ్యెనిమిది నుంచి మొదలుపెట్టమన్నాడు. తాతబాబు పెట్టాడు. పన్నెండు వేళ్ళ ఎత్తున్న కమ్మీ పక్కన మూడు వేళ్ళ కమ్మీ నిలబడింది. అంకెలు అబద్ధం కావు, పక్కనే రాసి ఉన్నాయి. కానీ హార్బర్ గోడ దగ్గర నిలబడి చూసేవాళ్ళలో అంకెలు చదివేవాళ్ళు తక్కువ. వాళ్ళు పొడుగు చూస్తారు.

కాసులమ్మ తమ్ముడు కన్నబాబు ఆ పొడుగే చూశాడు. తను, ఇంకో ఇద్దరు కలిసి నడుపుకునే ఫైబర్ పడవను ఒడ్డుకు లాగి పెట్టేసి, గుజరాత్ పడవలకు మనుషుల్ని పంపే మేస్త్రికి పేరు రాయించుకున్నాడు. భార్యకు అప్పుడు ఆరో నెల. స్టేషన్లో రైలెక్కుతూ, నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నాడు: "మరేటి సేత్తాం బావా. సముద్రంలో కవళ్ళు అయిపోనాయని నీ బొమ్మే సెప్పేసింది కదా."

తాతబాబు నోరు తెరిచాడు. రైలు కదిలింది.

డిసెంబరులో కవళ్ళు వలలు తెగేలా పడ్డాయి. కన్నబాబు గుజరాత్‌లోని వేరావల్‌లో పరాయి పడవ మీద ఉన్నాడు. నవంబరులో పుట్టిన కూతురికి ఆశ అని పేరు పెట్టుకున్నారని ఫోన్లో విన్నాడు. మే నెలలో తిరిగొచ్చి ఎత్తుకోబోతే, ఆర్నెల్ల పిల్ల కొత్త మొహాన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు తాతబాబు గుమ్మంలోనే ఉన్నాడు. ఆ ఏడుపుకు కారణం స్కేలు వరుసలో తను కొట్టిన ఒక అంకె అని అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు. కాసులమ్మకు కూడా చెప్పలేదు.

"మేడం" అన్నాడు. "నాను ఇన్నేళ్ళలో ఏ ఆఫీసర్ గారికీ కాదని సెప్పలేదు. ఒక్క మాట ఇంటారా?"

కీర్తన కుర్చీ లాక్కుని కూర్చుంది. తాతబాబు కన్నబాబు సంగతంతా చెప్పాడు. రైలు దగ్గర అన్న మాట, పిల్ల ఏడుపు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ తెర వైపే చూశాడు.

"ఆడు మళ్ళీ పడవ దించి రెండు నెల్లయింది మేడం. నిన్న మేస్త్రి మళ్ళీ ఒచ్చాడు. ఈ సాయంత్రం గోడ మీద బొమ్మ సూసి పేరు రాయిస్తానన్నాడంట ఆడు. కమ్మీ అంటే పొడుగే కదండీ. మోకాళ్ళ దాకా పాతిపెట్టి మనిషి పొడుగు సూడమంటే ఎలాగ?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. తెర మీది కమ్మీలను, స్కేలు వరుసను మార్చి మార్చి చూసింది.

"తగ్గిందన్నది కూడా దాచకూడదు కదా" అంది చివరికి.

"దాసొద్దండి. తగ్గింది ఎంతో అంతే కనబడాల."

"మీటింగుకు నేను అంకెల పట్టిక పట్టుకెళ్తాను. వాళ్ళకు చదవడం వచ్చు." లేచింది. మళ్ళీ ఆగింది. "గోడ మీదికి రెండేళ్ళవే ఎందుకు? ఐదేళ్ళవీ పెట్టగలరా?"

తాతబాబు ముఖంలో వెలుగు ఆమెకు కనిపించి ఉండాలి. నవ్వుకుంటూ వెళ్ళింది.

ఐదు రకాల చేపలు, ఒక్కోదానికి ఐదేళ్ళు, మొత్తం ఇరవై ఐదు కమ్మీలు. వెడల్పు చాలదు. ఒకదానికొకటి రాసుకుని, సంతలో జనంలా తొక్కిసలాడుకుంటున్నాయి. కమ్మీల వెడల్పు తగ్గించాడు. ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య రెండు కమ్మీల సందు ఉంచాడు. పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే కాస్త ఏటవాలుగా తిప్పాడు. తిప్పగానే మొట్టమొదటి పేరు ఎడమ అంచు బయటికి జారింది. ఎడమ మార్జిన్ పెంచాడు. సంవత్సరాల అంకెలు మరీ చిన్నవైపోయాయి. హార్బర్లో వాటిని చదవాల్సింది ఉప్పుగాలి తిన్న కళ్ళు. వాటిని పెద్దవి చేయడానికి కుడివైపు అనవసరంగా ఖాళీగా ఉన్న చోటును ఇటు లాగాడు. చివరికి పెద్ద సైజు కాగితం తీసుకుని, దాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా తిప్పాడు. అప్పుడు కమ్మీలకు ఎత్తు వచ్చింది.

రెండు గంటలు ఎటు పోయాయో తెలియలేదు. ఒక్కో అంకె మార్చి నడిపించడం, వెనక్కి వాలి చూడడం, మళ్ళీ ముందుకు వంగడం. ఇలాంటి మధ్యాహ్నాలు అతని జీవితంలో కొన్ని వేలున్నాయి. వాటి గురించి ఎవరితోనూ చెప్పలేదు, చెప్పడానికి ఏమీ ఉండదు. ఒక పేరు కోసుకుపోకుండా నిలబడితే కడుపు నిండినట్టు ఉంటుంది, అంతే. మధ్యలో ఒకసారి ఎడమ భుజం పట్టేసినట్టుంటే కుడిచేత్తో రుద్దుకున్నాడు. ఎక్కువసేపు వంగి కూర్చున్నందుకేమో అనుకున్నాడు.

నాలుగున్నరకు పెద్ద కాగితం ప్రింటరులోంచి నెమ్మదిగా దిగింది. నూనె కవళ్ళు: డెబ్బయ్యొమ్మిది, ఎనభై ఆరు, తొంభై, ఎనభై ఒకటి, డెబ్బయ్యేడు. సున్నా మీద కాళ్ళూని ఐదుగురు అన్నదమ్ముల్లా నిలబడ్డాయి. ఒకడు కాస్త పొడుగు, ఒకడు కాస్త పొట్టి.

కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, డబ్బాలో మైదా జిగురు పట్టుకుని హార్బర్‌కు నడిచాడు. ఎండ తగ్గింది. పడవల ఇంజన్ల పొగ, ఎండుచేపల వాసన, తడి తాళ్ళ వాసన కలిసిన గాలి. ఐస్ మిల్లు దగ్గర నలుగురు పలకరించారు. వేలం షెడ్డు గోడకున్న నల్లబోర్డు పై అంచు అతని తలకన్నా అడుగున్నర ఎత్తులో ఉంటుంది. కాగితం పై అంచు అంటించాలంటే ఎక్కి నిలబడాలి. పక్కనే టీ కొట్టు నడిపే నూకాలు అడగకముందే ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు తెచ్చి పెట్టింది.

"పడిపోతావు, నాను పట్టుకుంటానుండు."

"సముద్రం మీద తప్ప నాను ఎక్కడా పడనమ్మా" అన్నాడు తాతబాబు. అయినా ఆమె పట్టుకుంది.

పై అంచు అంటించి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు గాలి నెట్టుకుంటూ దిగాడు. స్టూలు మీద జిగురు చుక్కలు పడ్డాయి. దిగేసరికి కాస్త ఆయాసం వచ్చింది. వెనక పదిమంది దాకా పోగయ్యారు. వాళ్ళలో కన్నబాబు ఉన్నాడు. లుంగీ మడిచి కట్టి, చంకన ఆశను ఎత్తుకుని ఉన్నాడు. పిల్ల తండ్రి చెవిని గట్టిగా పట్టుకుని ఉంది.

"ఏటి బావా, ఈసారి ఇన్ని కర్రలెట్టావు?"

"ఐదేళ్ళవిరా. ఇయ్యి కవళ్ళు. ఇది పోయినేడు, ఇది ఈయేడు."

కన్నబాబు దగ్గరికి వచ్చాడు. కాసేపు కళ్ళు చికిలించి చూశాడు.

"తగ్గింది."

"తగ్గింది. లేదనను. ఎంత తగ్గిందో నువ్వే కొలు."

కన్నబాబు పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, కుడిచేతి చూపుడు వేలు అడ్డంగా పెట్టాడు. పోయినేటి కమ్మీ కొసకు, ఈయేటి కమ్మీ కొసకు మధ్య ఆ వేలు సరిగ్గా సరిపోయింది. తర్వాత కింది గీత దగ్గర జాన పెట్టి, జాన మీద జాన వేసుకుంటూ పైదాకా కొలిచాడు. అలా మొదటి కమ్మీనీ కొలిచాడు. వలకన్ను కొలిచినంత శ్రద్ధగా కొలిచాడు.

"ఐదేళ్ళ కిందటికీ ఇప్పటికీ అర ఏలుకి మించి లేదు తేడా."

"లేదు."

"మరి పోయినేడు బొమ్మలో మూడొంతులు పడిపోనాయి కదా."

తాతబాబు జిగురు అంటిన చేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఏడాదిగా మోస్తున్న మాట అనుకున్నంత బరువుగా లేదు.

"పోయినేడు బొమ్మ నాను తప్పుగా గీసాను కన్నబాబూ. కింద కోసేసి పైముక్కే సూపించాను. గీయమన్నారు, గీసేసాను. నువ్వు రైలెక్కినప్పుడే సెప్పాల్సింది. సెప్పలేకపోనాను."

కన్నబాబు బావ ముఖంలోకి చూశాడు. కోపం వస్తుందేమోనని తాతబాబు ఎదురుచూశాడు. కన్నబాబు మాత్రం చెవి పీకుతున్న పిల్ల చేతిని నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"నీ బొమ్మొక్కటే సూసి ఎల్లిపోలేదులే బావా. ఎల్లాలని నాకూ ఉంది. కొత్త సముద్రం సూడాలని" అన్నాడు. కాస్త ఆగి, "సూసేసాను" అన్నాడు.

పిల్లను తాతబాబు చేతుల్లో పెట్టాడు. "దీన్ని ఒక్క నిమిషం పట్టుకో. మేస్త్రి ఐస్ మిల్లు కాడున్నాడు. పేరు తీసేయమని సెప్పొస్తాను. ఏలెడు కోసం వేరావల్ ఎల్తామేటి."

ఆశ ఏడవలేదు. తాతబాబు కళ్ళజోడు పట్టుకుని లాగింది. అతను దాన్ని బోర్డు దగ్గరికి ఎత్తి, ఒక్కో చేప పేరూ చదివి వినిపించాడు. కవళ్ళు. నెత్తళ్ళు. కానాగడతలు. పిల్ల కాగితాన్ని అరచేత్తో ఫట్‌మని కొట్టింది. జిగురు ఇంకా తడిగానే ఉంది, ఐదు వేళ్ళూ అంటుకున్నాయి. నూకాలు వచ్చి, నవ్వుతూ పిల్లను అందుకుని, చెయ్యి కడుగుతానని తీసుకెళ్ళింది.

"టీ పెడతన్నాను, కూసో" అంది వెళ్తూ.

తాతబాబు స్టూలును గోడవారకు జరుపుకుని బోర్డు కింద కూర్చున్నాడు. ఎదురుగా పడవలు వరసగా కట్టి ఉన్నాయి. అల వచ్చినప్పుడల్లా ఒకటి లేస్తే ఒకటి దిగుతోంది. చిన్నప్పటి నుంచీ ఆ లేవడం దిగడం చూస్తే అతనికి తల తిరిగేది. అందుకే ఎప్పుడూ పక్కకు చూసేవాడు. ఇవాళ చూస్తూ ఉన్నాడు. తల తిరగలేదు. ఇంటికి వెళ్ళి కాసులమ్మకు చెప్పాల్సింది ఒకటి ఉంది, అది ఇప్పుడు తేలిగ్గా చెప్పొచ్చు. వెనక్కి వాలి తల గోడకు ఆనించాడు. గోడ వెచ్చగా ఉంది.

నూకాలు టీ తెచ్చి, కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసును పక్కన గట్టు మీద పెట్టి వెళ్ళింది. టీ మీద మీగడ కట్టింది. కన్నబాబు తిరిగొచ్చి, "బావా, తీయించేసాను" అంటూ భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకోసారి పిలిచాడు. తర్వాత ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు, బాధ తెలిసి ఉండదన్నాడు. ఆ మాటను కాసులమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, తనకు తాను కూడా చెప్పుకుంది. కన్నబాబు అక్కకు మిగిలినదంతా చెప్పాడు. గోడ దగ్గర బావ ఏమన్నాడో, తనేమన్నాడో, ఏదీ వదలకుండా. ఆమె విని, "ఏడాది పాటు సరిగా నిద్దరోలేదు ఆయన. అదా" అంది.

ఆ నెల కవళ్ళు మామూలుగా పడ్డాయి. కన్నబాబు పడవ రోజూ వెళ్ళొస్తోంది.

నూకాలు స్టూలును మళ్ళీ కొట్టులోకి తీసుకోలేదు. బోర్డు చూడడానికి వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడతారు గానీ, దాని మీద ఎవరూ కూర్చోరు. వాన పడితే పైన పల్లంలో కాసిని నీళ్ళు నిలుస్తాయి, ఎండకు పోతాయి. నీలం అంచు మీద ఎండిన మైదా జిగురు చుక్కలు మాత్రం తెల్లగా అలాగే ఉన్నాయి.